ఫైలు మార్గనామములందలి విశేషచిహ్నములు

తాళపత్రప్రతులనుండి యెత్తి వ్రాసిన పాఠములను, శిథిలగ్రంథముల ఛాయాచిత్రములను, నిఘంటుకార్యమునకై కూర్చిన పదపట్టికలను కంప్యూటరులో భద్రపఱచుట నేఁడు పండితులలోను పాఠశాలల యుపాధ్యాయులలోను వాడుకయైనది. అట్లు భద్రపఱచిన ఫైళ్లు ఒక యంత్రమునఁ జక్కఁగా నుండి మఱియొక యంత్రమునకుఁ జేర్పఁబడునప్పుడు కొన్ని నిరాకరింపఁబడుట, కొన్ని యదృశ్యమగుట, రెండు వేఱు ఫైళ్లు ఒక్కటియై యందొకదానిలోని పాఠము నశించుట తఱచుగాఁ గనఁబడుచున్నది. పాఠలోపమునకు లేఖకప్రమాదమును గారణముగాఁ జెప్పుట గ్రంథపరిష్కర్తల సంప్రదాయము. ఇచ్చటనన్ననో లేఖకుఁడు పాఠమున నొక్క యక్షరమైనను దప్పలేదు. దోషమంతయు ఫైలునకుఁ బెట్టిన పేరులో నున్నది. పేరులోని యే చిహ్నము ఎచ్చట నేల దోషమగునో తెలిసినఁగాని దీనికిఁ బరిహారము చేయ వీలులేదు.

ఫైలు ఫోల్డరులో నుండును. ఆ ఫోల్డరు మఱియొక ఫోల్డరులో నుండును. మూలమునుండి ఫైలు వఱకుఁ గల యీ పేళ్లన్నియు వరుసగాఁ గూర్చి చెప్పినది మార్గనామము. పేళ్లను వేఱుపఱుచుటకు నడుమ నొక చిహ్నముంచవలెను. ఈ చిహ్నము పేళ్లలో దేనికిని జెందినది కాదు. పాణినీయమున ధాతుప్రత్యయములకుఁ జేర్చిన యనుబంధములు కార్యమును సూచించి లోపించునట్లే యిదియు విభాగమును సూచించి తొలఁగిపోవును. వ్యాకరణమున ననుబంధమైన వర్ణమే వేఱొకచోట పదావయవముగాఁ గూడ నుండవచ్చును. ఏది యనుబంధమో యేది కాదో నిర్ణయించుటకు సూత్రములు కలవు. ఆపరేటింగు సిస్టములకట్టి యోపిక లేదు. విభాజకముగాఁ గైకొన్న చిహ్నమును పేరులో నుండనే కూడదని యవి నిషేధించినవి. చిక్కేమనఁగా నన్ని సిస్టములును నొకే చిహ్నమును విభాజకముగాఁ గైకొనలేదు.

మల్టిక్సను పూర్వపు సిస్టమున ‘>’ అను గుర్తు విభాజకము. 1969లో బెల్ ప్రయోగశాలలయందుఁ బుట్టిన యూనిక్సు దానిని విడిచి ‘/’ అను నేటవాలు గీఁతను గైకొనినది. యూనిక్సు సంప్రదాయపు లినక్సులో నేఁటికిని పేరునందు నిషిద్ధములు రెండే: ఒకటి యీ గీఁత, రెండవది సున్న సంఖ్య గల బైటు. తక్కినవన్నియు, ఖాళీ చోటు, ప్రశ్నార్థకము, నక్షత్రపు గుర్తు, తుదకుఁ గొత్త పంక్తికిఁ బోవు గుర్తుతోఁ గూడ, పేరులో నుండవచ్చును. ఈ యౌదార్యము మేలో కీడో ముందు తెలియఁగలదు.

1981లో వెలువడిన ఎమ్మెస్ డాసు మొదటి కూర్పున ఫోల్డరులే లేవు. అందు ‘/’ గుర్తు ఆజ్ఞలకు వికల్పములను జేర్చుటకు వాడఁబడినది. 1983లో రెండవ కూర్పున ఫోల్డరులు ప్రవేశించునప్పటికి ఆ గీఁత వేఱొక పనిలో నుండెను; కావున దానికి విలోమమైన ‘\’ గీఁతను విభాజకముగా నేర్పఱచిరి. తరువాతి విండోసునకు నదియే సంక్రమించినది. విండోసులోని ప్రోగ్రాములు లోలోపల ‘/’ గుర్తును గూడ విభాజకముగా నంగీకరించుటచేత నచ్చట రెండు గీఁతలును నిషిద్ధములైనవి. మ్యాకింటోషు యంత్రములు ఈ రెంటినిగాక ‘:’ గుర్తును విభాజకముగా వాడినవి. 2001లో మ్యాక్ సిస్టము యూనిక్సు పునాదిపై మరలఁ గట్టఁబడినప్పుడు పాత వాడుకను గొత్త వాడుకతో సమన్వయింపవలసివచ్చి, పైకిఁ గనఁబడు ‘/’ గుర్తు లోపల ‘:’ గుర్తుగాను, లోపలి ‘:’ గుర్తు పైకి ‘/’ గుర్తుగాను వ్యత్యయము చెందునట్లు చేసిరి. మ్యాకు తెరపై ఫోల్డరునకు ‘15/8/1947’ అని పేరు పెట్టుటకు వీలున్నది. ఆ యంత్రమునందే యాజ్ఞాపంక్తిలోనుండి చూచిన నదే ఫోల్డరు ‘15:8:1947’ అని కనఁబడును. ఆ పేరు పైరూపముతోఁగాని లోరూపముతోఁగాని విండోసులోనికిఁ బోఁజాలదు, ఏలయన నచ్చట రెండును నిషిద్ధములే.

విండోసు నిషేధించు చిహ్నములు తొమ్మిది: < > : " / \ | ? * అనునవి. వీనికిఁ దోడు 1 మొదలు 31 వఱకు సంఖ్యలు గల యదృశ్యనియంత్రణ చిహ్నములును నిషిద్ధములు. ఈ తొమ్మిదింటిలో తెలుఁగు వ్రాయువారికి మిక్కిలి కీడు చేయునది ‘:’ గుర్తు. విసర్గకు బదులుగా దీనిని వాడు దురభ్యాసము టైపు యంత్రముల కాలమునుండియు వచ్చుచున్నది. కంటికి రెండును రెండు చుక్కలే. కంప్యూటరున కట్లు గాదు. యూనికోడులో తెలుఁగు విసర్గ సంఖ్య 3075. ఆంగ్లపు విరామచిహ్నము సంఖ్య 58. మొదటిది యక్షరజాతిలోనిది, రెండవది విరామజాతిలోనిది.

దీని ఫలమును జూచుటకు నిఘంటుకార్యము నుదాహరణముగాఁ గొనవచ్చును. పదమున కొక ఫైలు చొప్పున వ్రాయుమని ప్రోగ్రామున కాజ్ఞ యిచ్చి, పదపట్టికలో ‘అంత:పురము’, ‘అంత:కరణము’ అని ఆంగ్లపు చుక్కలతో వ్రాసియుంచినారనుకొందము. లినక్సులో రెండు ఫైళ్లు యథాతథముగా నేర్పడును. విండోసులో నిషిద్ధచిహ్నమని యడ్డు వచ్చిన బాగుండెడిది. కాని 1993లో విండోసు ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ అను ఫైళ్ల వ్యవస్థలో ‘:’ గుర్తునకు వేఱొక యర్థము కలదు. ఒక ఫైలునకుఁ బ్రధానమైన పాఠమే కాక దానికిఁ దోడుగా నుపధారలు కొన్ని యుండవచ్చును. ‘:’ గుర్తునకు ముందున్నది ఫైలు పేరు, వెనుకనున్నది యుపధార పేరు. కావున యంత్రము ‘అంత’ అను నొకే ఫైలును సృష్టించి, ‘పురము’ అనియు ‘కరణము’ అనియు రెండుపధారలను దానిలోఁ జేర్చును. జాబితాలో ‘అంత’ ఒక్కటే, సున్న పరిమాణముతోఁ గనఁబడును. పాఠము నిజముగా నున్నది, కాని కనఁబడదు. ఆ ఫైలును ఉపధారల నెఱుఁగని ఫ్యాట్ వ్యవస్థ గల పెన్ డ్రైవునకు నకలు చేసినచో నుపధారలు రెండును జారిపోయి శూన్యమైన ‘అంత’ మాత్రము మిగులును. దోషమును దెలుపు మాట యొక్కటియు వ్రాయునప్పుడు వినఁబడదు. ఇదియే యిందలి భయము.

పద్యము వ్రాయువారు పాదాంతమున దండమునకు బదులుగా ‘|’ గుర్తును వేయుటయు నిట్టిదే. అసలు దండము యూనికోడులో 2404 సంఖ్య గలది, దేవనాగరి విభాగమున నుండియు భారతీయలిపులన్నిటికిని సమానము. నిలువుగీఁత సంఖ్య 124. అది విండోసులో నిషిద్ధము, యూనిక్సు ఆజ్ఞాపంక్తిలో నొక యాజ్ఞ ఫలితమును వేఱొక యాజ్ఞకు నందించు గొట్టము. నిజమైన విసర్గయు నిజమైన దండమును వాడిన పేరున కే సిస్టములోను బాధలేదు.

నిషిద్ధముల జాబితాలో లేని చుక్క గుర్తు తెలుఁగు పండితులకు మఱియొక విధమునఁ బ్రమాదకరము. ‘తే.గీ.’ ‘ఆ.వె.’ అని ఛందస్సులకును, ‘క్రీ.శ.’ అని శకమునకును, ‘సం.’ ‘పు.’ అని సంపుటములకును పుటలకును సంక్షేపములు వ్రాయుట వాడుక. విండోసు పేరు చివరనున్న చుక్కను, ఖాళీ చోటును, చెప్పకయే తొలఁగించును. లినక్సులో ‘ఆ.వె’ అనియు ‘ఆ.వె.’ అనియు రెండు ఫోల్డరులున్నచో విండోసునకుఁ బోవునప్పటికి రెండు నొక్కటియగును. లినక్సు యంత్రమే విండోసు డిస్కుపై నాచివరి చుక్కతో ఫైలును వ్రాసినచో విండోసు దానిని జాబితాలోఁ జూపుచునే తెఱవఁజాలక, తొలఁగింపఁజాలక యుండును. అంతియకాదు, చివరి చుక్కకు వెనుకనున్న భాగము ఫైలు జాతిని దెలుపునని యన్ని సిస్టముల ప్రోగ్రాములును భావించును. కావున ‘తే.గీ’ యనునది ‘గీ’ జాతికిఁ జెందిన ‘తే’ యను ఫైలని యంత్రము తలంచుట వింతగాదు. చుక్కతో మొదలగు పేరు యూనిక్సులో జాబితాకు రాక దాఁగియుండును. డాసు కాలమునుండి సంక్రమించిన కాన్, ప్రిన్, ఆక్స్, నల్ అను నుపకరణనామములును, కామ్, ఎల్‌పీటీ యనువానికి 1 మొదలు 9 వఱకుఁ జేర్చిన పేళ్లును రోమను లిపిలో ఫైళ్లకుఁ బెట్టఁదగవు. మొదటి డాసులో ఫోల్డరులు లేనందున నుపకరణముల పేళ్లు ఎల్లయెడల వర్తించెడివి, ఆ శేషమే యిది.

ఇంతవఱకుఁ జెప్పినవి ఫైళ్ల వ్యవస్థ విధించిన నియమములు. ఆజ్ఞాపంక్తిని జదువు షెల్లను ప్రోగ్రాము విధించునవి వేఱు. ఈ రెంటిని గలిపి చెప్పుటచేతనే చాల వ్యాఖ్యానములు గజిబిజియగుచున్నవి. లినక్సు ఫైళ్ల వ్యవస్థ కభ్యంతరములేని ఖాళీ చోటు షెల్లునకుఁ బదవిభాజకము. తాళపత్రములపై మాటకును మాటకును నడుమఁ జోటు విడుచు నాచారము లేదు. పదచ్ఛేదము చదువరి బుద్ధికి విడువఁబడినది. షెల్లు అందులకు విపరీతముగా, చోటున్నచో మాట ముగిసినదనియే నిశ్చయించును. ‘మను చరిత్ర’ అను నొకే ఫైలును దొలఁగింపుమని యెట్టి గుర్తులును లేక యాజ్ఞ వ్రాసినచో షెల్లు ‘మను’ అను ఫైలును, ‘చరిత్ర’ అను ఫైలును దొలఁగింపుమని యర్థము చేసికొనును. ఆ పేళ్లు గలవి యున్నచో నవియే పోవును, పోవలసినది నిలిచియుండును. పాఠాంతరములు గల ఫైలునకు నక్షత్రపు గుర్తు వేసి ‘పాఠము *’ అని పేరు పెట్టుట మఱియు భయంకరము. షెల్లులో ఒంటిగా నున్న నక్షత్రము ఆ ఫోల్డరులోని ఫైళ్లన్నిటికి నాదేశము పొందును. ఒక్క ఫైలు తొలఁగింపఁబోయి ఫోల్డరంతయుఁ బోఁగొట్టుకొనుట కిదియే త్రోవ. ‘వసుచరిత్రము (సటీకము)’ అనుదానిలోని కుండలీకరణములు షెల్లునకు వేఱర్థము గలవగుటచే నాజ్ఞ పూర్తిగా నిరాకరింపఁబడును. ఇది నయము, ఏలయన నష్టము లేదు.

దీని తత్త్వము వైయాకరణులకుఁ గొత్తది కాదు. శాస్త్రములో నొక శబ్దము వినఁబడినప్పుడు అది తన రూపమునే చెప్పునా, లేక సంజ్ఞయై వేఱర్థమును జెప్పునా యను ప్రశ్న పాణిని మొదటి యధ్యాయముననే విచారించినాఁడు. సంజ్ఞాశబ్దము గానిచోట శబ్దము స్వరూపమునే గ్రహింపఁజేయునని యచ్చటి నిర్ణయము. ‘ఇతి’ శబ్దమును జేర్చి శబ్దార్థముల వ్యవస్థను మార్చుటయు శాస్త్రప్రసిద్ధమే. షెల్లులో నక్షత్రము, చోటు, ధనచిహ్నము మొదలగునవి సంజ్ఞలు. వానిని స్వరూపపరములుగాఁ జేయవలెనన్న నుద్ధరణచిహ్నముల నడుమ నుంచవలెను. ఒంటి యుద్ధరణచిహ్నముల నడుమ నున్నదంతయు స్వరూపమే. జంట యుద్ధరణచిహ్నముల నడుమ నక్షత్రమును జోటును స్వరూపపరములగును గాని, ‘$’ గుర్తును విలోమపు గీఁతయు సంజ్ఞాత్వమును బూర్తిగా విడువవు. ఒక్క చిహ్నమునకే యీ కార్యము చాలుననినచో దానికి ముందు ‘\’ గీఁత వేసినఁ జాలును. ఆ గీఁతయే విండోసులో మార్గవిభాజకమగుటచేత నొక సిస్టమునందలి యాజ్ఞను వేఱొకదానికి యథాతథముగాఁ దెచ్చుట పొసఁగదు. విండోసు ఆజ్ఞాపంక్తిలో జంట యుద్ధరణములు మాత్రము పని చేయును. ఒంటివి యచ్చట సామాన్యాక్షరములు.

ఉద్ధరణముచేతఁ గూడఁ దీఱని దోషము లొకటి రెండున్నవి. ‘-’ గుర్తుతో మొదలగు పేరు షెల్లుచేతఁ గాక, ఆజ్ఞను నడుపు ప్రోగ్రాముచేత వికల్పముగా భావింపఁబడును. కావున నుద్ధరణములో నుంచినను ఫలము లేదు. పేరునకు ముందు ‘./’ చేర్చినచో నీ ఫోల్డరులోని ఫైలని స్పష్టమగును. రెండవది కొత్త పంక్తి గుర్తు. ముఖపత్రమునుండి రెండు పంక్తుల గ్రంథనామమును నకలు చేసి పేరుగా నతికించినచో నా గుర్తు పేరులోఁ జేరును. ఫైళ్ల జాబితాను బంక్తికొక పేరుగాఁ జదువు ప్రోగ్రాము దానిని రెండు ఫైళ్లుగా భావించును. మార్గనామములో నెన్నఁడును నుండఁజాలనిది సున్న బైటొక్కటియే గనుక, జాబితాను దానితో విడదీయు పద్ధతి చాలకాలముగా నుండి, 2024లోఁ బ్రకటింపఁబడిన పోసిక్సు ప్రమాణమునఁ జేర్చఁబడినది. యూనిక్సు చేసిన యౌదార్యమునకు మూల్య మిది.

ఇంక నక్షరముల ప్రసక్తి. యంత్రమునకుఁ దెలిసినది సంఖ్యలే. పూర్వము జపానువారు వాడిన షిఫ్ట్ జిస్ అను పద్ధతిలో నొక్క యక్షరమునకు రెండు బైటులు. కటకానాలోని ‘సో’ అక్షరమునకు 131, 92 అనునవి యా రెండు. 92 విలోమపు గీఁత సంఖ్య యగుటచేత, పద్ధతి నెఱుఁగని ప్రోగ్రాములు ఆ యక్షరము నడుమనే మార్గనామమును విఱిచివేసెడివి. సమాసమధ్యమున లేని పదచ్ఛేదము చేసినట్లన్నమాట. ఈ దోషము రాకుండుటకే 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనువారు యూటీఎఫ్-8 అను పద్ధతిని గల్పించిరి. అందు ఒకటికి మించిన బైటులు గల యక్షరములలోని ప్రతి బైటును 128 మొదలు పైసంఖ్యయే. 47 కాని 92 కాని సున్న కాని వాని నడుమఁ బొరపాటుననైనను రాదు. తెలుఁగు కకారము 224, 176, 149 అను మూఁడు బైటులు. కావున తెలుఁగక్షరములు మార్గనామములోఁ బెట్టుట ప్రమాదమని యిప్పటికిని గొందఱు చెప్పుమాట నిరాధారము. ప్రమాదము విరామచిహ్నములనుండియే కాని యక్షరములనుండి కాదు.

అయినను నిడివి విషయమున జాగ్రత్త వలయును. లినక్సులోని ప్రసిద్ధ ఫైళ్ల వ్యవస్థలలో నొక పేరు 255 బైటులకు మించరాదు. తెలుఁగు సంకేతమొకటికి మూఁడు బైటులు గనుక 85 సంకేతములే పట్టును. సంకేతమన నక్షరము గాదు. ‘శ్రీమదాంధ్రమహాభారతము’ అనునది ఛందశ్శాస్త్రమునఁ బది యక్షరములు. యూనికోడులో హల్లు, పొల్లు, గుణితము, సున్న వేఱువేఱుగా లెక్కింపఁబడుటచే నిరువది సంకేతములు. డిస్కుపై నఱువది బైటులు. పద్యమునకు దాని మొదటి పాదమునే పేరుగాఁ బెట్టు నలవాటు గలవారు ఉత్పలమాల పాద మిరువది యక్షరములని తలఁచి రెండు పాదములు పట్టునని యూహించినచో భంగపడుదురు. విండోసులోఁ బేరునకు 255 సంకేతములు పట్టును గాని, అచ్చట మార్గమంతయుఁ గలిపి 260కి మించరాదని పూర్వపు నియమము. 2016లో విండోసు పదవ కూర్పునకు వచ్చిన మార్పుతో నీ హద్దును సడలించుకొన వచ్చును. కాని యందులకు సిస్టములో నమరికయుఁ గావలెను, ప్రోగ్రాము సమ్మతించుటయుఁ గావలెను. ఫోల్డరులో ఫోల్డరుగాఁ గావ్యము, ఆశ్వాసము, పద్యము అని దీర్ఘనామములతోఁ బేర్చినచో నీ హద్దు త్వరలోనే యెదురగును.

తెలుఁగువారు ప్రత్యేకముగాఁ దెలిసికొనఁదగినది ఐత్వము కథ. యూనికోడులో తెలుఁగు ఐత్వమునకు 3144 అను నొక సంకేతము గలదు. అదియే 3142 సంఖ్య గల హ్రస్వమైన ఎత్వమునకు, 3158 సంఖ్య గల క్రిందిగుర్తును జేర్చి రెండు సంకేతములుగాఁ గూడ వ్రాయవచ్చును. రెండును సమానములని ప్రమాణము చెప్పుచున్నది. తెలుఁగులో నిట్లు రెండు రూపములు గలది యిది యొక్కటియే. కన్నడమున నైదు గుణితములకుఁ గలవు. ఈ విభాగము లిపి యాకారమును బట్టి చేసినది గాని యుచ్చారణమును బట్టి చేసినది గాదు. సంస్కృతమున ఐకారము అకార ఇకారముల కలయికయనుట ప్రసిద్ధము. హ్రస్వమైన ఎకారమచ్చట లేనేలేదు. అయినను యంత్రములో ‘వైయాకరణుఁడు’ అను పదమును విడఁదీసినచో పాణిని యెఱుఁగని హ్రస్వ ఎకారము బయల్వెడలుచున్నది. చూపునకు భేదము లేశమైనను లేదు.

మ్యాకులో 1998 నుండి వాడుకలో నుండిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అను వ్యవస్థ ఫైలు పేళ్లను విడఁదీసిన రూపమునకు మార్చి భద్రపఱచెడిది. విండోసును లినక్సును మార్చక, ఇచ్చినది యిచ్చినట్లుంచును. కాఁబట్టి పాత మ్యాకునుండి వచ్చిన ‘కైవల్యము’ తొమ్మిది సంకేతములు, ఇరువదియేడు బైటులు. తెలుఁగు కీబోర్డుపైఁ గొట్టిన ‘కైవల్యము’ సాధారణముగా నెనిమిది సంకేతములు, ఇరువదినాలుగు బైటులు. లినక్సులో నీ రెండును వేఱువేఱు పేళ్లు. ఒకే ఫోల్డరులో రెండు ఫైళ్లు ఒకే పేరుతోఁ బక్కపక్కనఁ గనఁబడును. కీబోర్డుతోఁ గొట్టి వెదకువానికి మొదటిది దొరకదు. లేదని తలఁచి మరల వ్రాసినచో నదే గ్రంథమునకు రెండు ప్రతులేర్పడి, కొన్నినాళ్లకు నెందులో సవరణలు చేసినదియుఁ దెలియకపోవును. 2017లో మ్యాకునకు వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పేరును మార్చక యుంచి, పోల్చునప్పుడు మాత్రము రెండు రూపములను నొక్కటిగాఁ జూచును. ఇది మేలైన పద్ధతి; కాని రెండు రూపములతో రెండు ఫైళ్లు గల లినక్సు ఫోల్డరును దానిలోనికి నకలు చేసినచో నవి యిముడవు.

కనఁబడని చిహ్నములును గలవు. పొల్లు తరువాతి హల్లు వత్తుగా మాఱకుండుటకు 8204 సంఖ్య గల యదృశ్యచిహ్నమును వాడుదురు. విదేశపదములను, హలంతముగాఁ బలుకు పేళ్లను వ్రాయునప్పు డిది యావశ్యకమే. పదము చివర నది నిలిచిపోయినచో మాత్రము రూపమున నే భేదమును లేకయే పేరు వేఱగును. పేళ్లను వేఱొకచోటినుండి యతికించునప్పుడు చివరనున్న యీ గుర్తును జోటును దుడిచివేయుట మంచిది.

రోమను లిపిలోఁ బేళ్లు పెట్టిన నీ బాధలుండవని తలఁచువారికి వేఱొక బాధ సిద్ధముగా నున్నది. తెలుఁగునకు వాడుకలో నున్న రైస్ లిప్యంతరీకరణ పద్ధతిలో ల-ళలకును, న-ణలకును భేదము చిన్న పెద్ద యక్షరములచేతనే తెలుపఁబడును. ‘కల’ యు ‘కళ’ యు లినక్సులో రెండు ఫైళ్లు. విండోసులోను మ్యాకులోను సహజమైన యమరికలో చిన్న పెద్ద యక్షరములకు భేదము పాటింపఁబడదు. నకలు చేయునప్పుడు రెండవది మొదటిదానిపైఁ బడి దానిని జెఱపివేయును, లేదా చెఱపుదునా యని యడుగును. అడిగినప్పుడు ఒకే ఫైలు రెండుమాఱులు వచ్చినదని తలఁచి ‘అవును’ అనుట మానవసహజము. తెలుఁగు లిపిలో చిన్న పెద్ద యక్షరములు లేనందున నిట్టి ప్రమాదము లేదు. ఈ యొక్క విషయమునఁ దెలుఁగులోఁ బేరు పెట్టుటయే క్షేమము.

జిప్పు రూపమునఁ గట్టకట్టిన ఫైళ్లలోఁ బేళ్లు యూటీఎఫ్-8లో నున్నవని తెలుపు గుర్తు 2006లో ప్రమాణమునఁ జేర్చఁబడినది. ఆ గుర్తు నుంచని పాత ప్రోగ్రాములతోఁ గట్టినచో విప్పునప్పుడు తెలుఁగు పేళ్లు ఛిద్రములై యర్థములేని గుర్తులుగా మాఱును. జాలపు చిరునామాలలోఁ దెలుఁగక్షరములు బైటుకు మూఁడు గుర్తుల చొప్పున శాతచిహ్నముతో వ్రాయఁబడును. పైనఁ జెప్పిన భారతనామ మచ్చట నూటయెనుబది గుర్తులగును. ఇది చూపునకు వికారమే కాని దోషము గాదు.

పోసిక్సు ప్రమాణము ఎల్లెడల సురక్షితములని చెప్పినవి రోమను లిపిలోని చిన్న పెద్ద యక్షరములు, పది యంకెలు, చుక్క, అడుగుగీఁత, అడ్డగీఁత మాత్రమే. అడ్డగీఁత మొదట నుండరాదు. వీనితోనే పేళ్లు పెట్టుమని బోధించు వారున్నారు. ప్రోగ్రాములు వ్రాయువారి కది తగియుండవచ్చును; తెలుఁగు గ్రంథముల భాండారమునకుఁ దగదు. గ్రంథనామమును జదువలేని పేరుతో ఫైలుండుట, పట్టుపెట్టెలోఁ బేరులేని తాటాకుకట్ట యుండుట వంటిది. అక్షరములు తెలుఁగువే యుంచి, విరామచిహ్నములను మాత్రము విడుచుట నడిమి మార్గము. విసర్గకు విసర్గయే వ్రాయవలెను. చోటునకు బదులడుగుగీఁత వేయవలెను. సంక్షేపములలోని చుక్కలు విడిచి ‘తేటగీతి’, ‘ఆటవెలఁది’ యని పూర్తిగా వ్రాసినఁ బోవునది నాలుగక్షరములే. తేదీలను 1947-08-15 అని సంవత్సరము ముందుగా వ్రాసినచో నేటవాలు గీఁత బాధ తప్పుటయే కాక జాబితా కాలక్రమమున నమరును. పేరు ముప్పది యక్షరములకు మించినచో సంక్షేపించి, పూర్ణనామమును అదే ఫోల్డరులో నుంచిన పట్టికలో వ్రాయవలెను. ప్రోగ్రాములు వ్రాయువారు గీఁతలను దమ చేతితో నతికింపక, మార్గములను గూర్చుట కేర్పడిన సాధనములకే యా పని విడువవలెను. పైథానులో 2014 నుండి పాత్‌లిబ్ అను భాగ మిందులకే యున్నది.

ఇదివఱకే చేరిన భాండారమును సంస్కరింపఁబూనువారు మొదట నంతటికిని వేఱొక డిస్కుపై ప్రతి తీసి, పిదపఁ బేళ్లన్నిటి పట్టికను వ్రాయించి, ఆ పట్టికలోఁ గలిపిన రూపమునకు మార్చి చూడవలెను. రోమను పేళ్లను మఱియొకమాఱు చిన్న యక్షరములకును మార్చి చూడవలెను. మార్చిన పిమ్మట రెండు పేళ్లు ఒక్కటియైనచోట ఫైళ్లను దెఱచి, పాఠములు సమానములో కావో కన్నులారఁ బోల్చిన తరువాతనే యొకదానికిఁ గొత్త పేరు పెట్టవలెను. విండోసు డిస్కుపై సున్న పరిమాణము గల ఫైళ్లు కనఁబడినచో వానిని దొలఁగింపక, ఉపధారలున్నవేమో ముందుగాఁ జూడవలెను. ఆజ్ఞాపంక్తిలో ఫైళ్ల జాబితా నడుగు ‘డిర్’ అను నాజ్ఞకు ‘/ఆర్’ అను వికల్పమును రోమను లిపిలోఁ జేర్చినచో నుపధారల పేళ్లును బరిమాణములును గనఁబడును.